నేను రాసిచ్చిన రాజీనామా

నా చేత్తో నేను రాసిన కాగితాల్లో అన్నిటికన్నా ఖరీదు పడింది ఒక రాజీనామా ఉత్తరం. అది నా ఉద్యోగానికి రాసుకున్నది కాదు, ఫ్లోరా కోసం రాసింది. పదకొండు వాక్యాలు. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. తప్పంతా వేరేచోట ఉంది.

ముందు నా సంగతి చెప్పాలి. పేరు లక్ష్మీనారాయణ, మాది చీరాల. ఘాజియాబాద్‌లో తెల్లబట్ట వ్యాపారం. తెల్లబట్ట అంటే ఆసుపత్రి బట్ట: నర్సుల చీరలు, కోట్లు, రోగుల దుప్పట్లు, దిండు గలీబులు. పెళ్ళిబట్టకు సీజను ఉంటుంది, రోగాలకు ఉండదు. ఆ లెక్కన మొదలుపెట్టిన కొట్టు ఇది.

కొట్టు పెట్టకముందు ఆ ఊళ్ళోనే ఒక బట్టల మిల్లులో ఏడేళ్ళు గుమాస్తాగా చేశాను. మిల్లు మూతపడింది. మాలో ఐదేళ్ళు నిండినవాళ్ళకు గ్రాట్యుటీ చేతికొచ్చింది. నా పక్క బల్ల ధర్మయ్య చేరి నాలుగేళ్ళ మూడు నెలలైంది. అతనికి ఏమీ రాలేదు. గేటు బయట టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను నా చెక్కు జేబులో పెట్టుకుని అతని పక్కనుంచే నడిచి వచ్చాను. ఆ చెక్కే నా కొట్టుకు పెట్టుబడి. ఆ రోజునుంచి నాకొక సూత్రం పట్టుబడింది. ఎక్కడ చేరినా ఐదేళ్ళు నిండేదాకా కదలకూడదు. నిండాక మర్యాదగా రాజీనామా రాసి, నా లెక్క తేల్చండి అనాలి. ఎవరు అడిగినా ఇదే చెప్పేవాణ్ణి. అడగకపోయినా చెప్పేవాణ్ణి.

ఘాజియాబాద్ ఆసుపత్రుల్లో గుంటూరు, కృష్ణా జిల్లాల నర్సులు చాలామంది. బట్ట కోసం వచ్చినవాళ్ళు అర్జీలు, సెలవు చీటీలు కూడా నా చేత రాయించుకునేవాళ్ళు. డబ్బు తీసుకునేవాణ్ణి కాదు. ఒక అర్జీ రాస్తే మూడు కొత్త బేరాలు వస్తాయి. అలా వచ్చిన మనిషే ఫ్లోరా. బాపట్ల దగ్గర పల్లె. ఇక్కడొక నర్సింగ్ హోమ్‌లో నెలకు పదహారు వందలు. భర్త సిలాసు ఒక ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో టెక్నీషియను. కూతురు కెరెన్.

తొంభై మూడు సెప్టెంబరులో ఫ్లోరా ఇజ్రాయెల్ వెళ్ళింది. అక్కడ ముసలివాళ్ళు ఎక్కువైపోయారు, చూసే చేతులు తక్కువైపోయాయి, బయటిదేశాలనుంచి మనుషుల్ని తెచ్చుకుంటున్నారు. పంపిన ఏజెంటు భీమేశ్వరరావు లక్షా ఇరవై వేలు తీసుకున్నాడు. చర్చిలో ప్రార్థన పెట్టి సాగనంపారు. యొర్దాను నీళ్ళు ఒకరు తెమ్మన్నారు, ఒలీవ నూనె ఒకరు తెమ్మన్నారు. ఆవిడ చూడబోయే ముసలావిడ బరువెంత అని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఎనభై నాలుగు కిలోలు. హైఫాలో ఇల్లు, ఎడమవైపు పక్షవాతం. ఆవిడ పేరు రివ్కా. ఫ్లోరా తన బైబిల్లో ఉన్నట్టుగా రిబ్కమ్మ అని పిలిచేది. ఫ్లోరా బరువు నలభై ఆరు.

తొంభై ఆరు అక్టోబరులో కొట్టు చిరునామాకు ఒక ఉత్తరం వచ్చింది. "అన్నయ్యగారికి వందనాలు. రిబ్కమ్మ మంచిదే. కొడుకు కూడా మంచివాడే, వారానికోసారి వస్తాడు. కానీ రోజుకి ఎనిమిదిసార్లు ఎత్తి దించాలి. నడుము పట్టేసి రాత్రిళ్ళు ఇటు అటు తిరగలేకుండా ఉన్నాను. మూడేళ్ళయింది గదా, వచ్చేద్దామా అనుకుంటున్నాను. మీరేమంటారు?"

నేనేమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "అమ్మా ఫ్లోరా, మూడు గడిచాయి, రెండే మిగిలాయి. ఐదు నిండకుండా వస్తే నీకు రావలసిన మొత్తం పోతుంది. ఇంకొక మాట. నడుము నొప్పి సంగతి ఆ కొడుకు చెవిన వేయవద్దు. ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఐదేళ్ళు నిండకుండానే తీసేస్తారు."

ఆవిడ చెవిన వేయలేదు. ఉండిపోయింది.

తొంభై ఎనిమిది నవంబరుకు ఐదేళ్ళ రెండు నెలలు. అప్పుడు నేను ఆ పదకొండు వాక్యాలు రాసి పోస్టులో పంపాను. నా స్వంత కారణాలవల్ల, నా ఇష్టపూర్తిగా, ఎవరిమీదా ఏ ఫిర్యాదూ లేకుండా ఉద్యోగం వదులుకుంటున్నాను, దయచేసి నన్ను విడుదల చేసి నా లెక్క తేల్చవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఫ్లోరా దాన్ని గుండ్రటి అక్షరాలతో తన చేత్తో దించి, సంతకం చేసి కొడుక్కి ఇచ్చింది. ఆయన చదివి చాలా బాధపడ్డాడట. ఆ నెల జీతం, మిగిలిన సెలవుల డబ్బు, టికెట్టు ఇచ్చి, ఒక ఉన్నికోటు కూడా ఇచ్చి విమానం ఎక్కించాడు.

జనవరిలో, మధ్యాహ్నం పన్నెండైనా మంచు విడవని ఒకరోజు, ఆ కోటు వేసుకుని ఫ్లోరా కొట్టుకు వచ్చింది. బల్లమీద కూర్చోమంటే కూర్చోలేదు. గుడ్డల బేలుకు వీపు ఆనించి నిలబడింది.

"కూర్చుంటే మళ్ళీ లేవటానికి ఒకళ్ళు కావాలన్నయ్యగారూ. ఇట్టానే బాగుంది," అంది. "ఐదేళ్ళ డబ్బు ఎప్పుడొస్తుందన్నారు?"

"ఆయన ఏం చెప్పాడు?"

"ఏం చెప్పలా. లెక్కంతా అయిపోయిందన్నాడు. మీరేమో వేరే వస్తుందన్నారు గదా."

వస్తుందమ్మా, కనుక్కుంటానన్నాను. ఆవిడకు తొందర ఎందుకో నాకు తెలుసు. ఊరి చివర వైశాలి కాలనీలో డెవలప్మెంట్ అథారిటీ వాళ్ళు కట్టిన ఒక గది ఫ్లాటు ఫ్లోరా పేర వచ్చింది. ఇంటికి పంపిన డబ్బుకు పది చేతులు. ఏజెంటు ఫీజుకు తెచ్చిన అప్పు మొదటి పదిహేను నెలలూ మింగింది, తమ్ముళ్ళిద్దరి చదువులు కొంత, బాపట్లలో తల్లి వైద్యం కొంత. అయినా ఫ్లాటుకు చాలావరకు కట్టారు. చివరి కిస్తీ లక్షా పన్నెండు వేలు మార్చి ముప్పై ఒకటిలోగా కట్టకపోతే కేటాయింపు రద్దు. కడితే ఇల్లు, ఇక ఎక్కడికీ పోనక్కర్లేదు. ఈ డబ్బు రాకపోతే అప్పు చేసి కట్టి, ఆ అప్పు తీర్చడానికి ఆవిడ మళ్ళీ విమానం ఎక్కాలి. ఆ నడుముతో.

మర్నాడు భీమేశ్వరరావుకు ఫోన్ చేసి భోజనానికి పిలిచాను. ఆయన గోదావరి మనిషి. ఆఫీసులో అడిగితే సలహాకు ఫీజు అంటాడు, విస్తరి ముందు కూర్చోబెడితే ఊరికే చెప్తాడు. ఢిల్లీ అశోకా రోడ్డులో తెలుగు భోజనం దొరికేచోట రెండు టోకెన్లు తీసుకుని అరగంట వరసలో నిలబడ్డాను. పప్పు, గోంగూర, రెండోసారి నెయ్యి పడ్డాక జేబులోంచి రాజీనామా నకలు తీసి చూపించాను.

ఎడమచేత్తో పట్టుకుని చదివాడు. చదివి నవ్వాడు.

"ఎవరండీ బాబూ రాసింది? చేతికి బంగారు కడియం వెయ్యాలండి. ఆ కొడుకు లాయరుకి డబ్బిచ్చి రాయించుకున్నా ఇంత బాగా కుదరదండి."

నేను పెరుగు వేసుకున్నాను.

"అక్కడ మన గ్రాట్యుటీ లెక్క కాదండి," అన్నాడు. "ఏడాది నిండితే చాలండి. ఎన్నేళ్ళు చేస్తే అన్ని నెలల జీతం. కాకపోతే ఆళ్ళు తీసేస్తే ఇస్తారు. ముసలావిడ పోయినా ఇస్తారు. మనంతట మనం మానేస్తే సున్నా. ఈవిడేమో ఇష్టపూర్తిగా, ఫిర్యాదు లేకుండా, ప్రార్థిస్తున్నాను కూడానూ! ఆయ్, ప్రార్థించి మరీ వదులుకుందండి."

"ఏడాది చాలా?"

"చాలండి. మూడో ఏట వచ్చేసినా మూడు నెలల జీతానికి దారుండేది. మొన్న ఏలూరు పిల్ల ఒకత్తిని రెండేళ్ళకే తీసేశారండి. ఏడుస్తా వచ్చింది. రెండు నెలల జీతం తెచ్చుకుని నవ్వుతా పోయింది."

ఒంట్లో బాగాలేదని తెలిస్తే తీసేస్తారు, చెప్పకమ్మా, అని నేను రాశాను. తీసేసి ఉంటే డబ్బు వచ్చేది. పెరుగు విస్తట్లో అలాగే ఉండిపోయింది. డబ్బు పెట్టి కొన్న భోజనం వదిలేయడం నాకు అలవాటు లేదు, అయినా తినలేకపోయాను.

"ఇంకేం దారి లేదా?"

"ఉందండి. ఒంట్లో బాగాలేక పని చెయ్యలేక మానేస్తే, తీసేసినట్టే లెక్కండి. డాక్టరు కాగితం కావాలి. మానెయ్యకముందే ఆ జబ్బు ఉందని రుజువు కావాలి. అదెక్కడిది? ఈ ఉత్తరంలో ఆ మాటే లేదు కదండీ." విస్తరి మడిచాడు. "నా మాట ఇనండి. ఆవిణ్ణి నోరెత్తకుండా ఉండమనండి. టెల్ అవీవ్‌లో ఓ ముసలాయన ఉన్నాడు, తొంభై కిలోలు. నెలకి ఆరొందల డాలర్లు. ఏప్రిల్లో ఎక్కించేస్తాను. పాతమనిషని ఫీజు సగమే. నడుం పోయిందని ఒక్కసారి కాగితమ్మీద పడిందా, నేనే కాదండి, ఢిల్లీలో ఏ ఏజెంటూ ముట్టుకోడు. ఎత్తలేని నర్సుని ఎవడు కొంటాడండీ?"

కొంటాడు అనే అన్నాడు. నేను కూడా వ్యాపారినే కాబట్టి ఆ మాట నాకు వెంటనే గుచ్చుకోలేదు. బస్సెక్కాక గుచ్చుకుంది.

కొట్టుకు తిరిగొచ్చి గల్లా వెనక ఇనప తీగకు గుచ్చిన ఉత్తరాలు దించాను. నేను కాగితం పారేయను. తొంభై ఆరు కట్టలో ఫ్లోరా ఉత్తరం ఉంది. పైన తారీఖు, కవరు మీద హైఫా పోస్టు ముద్ర, మధ్యలో నడుము సంగతి. భీమేశ్వరరావు ఎక్కడిది అన్న రుజువు నా దగ్గరే ఉంది. దానికి నేను పంపిన జవాబు మాత్రం ఆవిడ దగ్గరుండాలి.

ఆ మధ్యాహ్నం నేను వేసిన లెక్క దాచను. ఈ ఉత్తరం బయటపెడితే, ఎందుకు ఉండిపోయింది అనే ప్రశ్న వస్తుంది. నేను ఉండమన్నానని తేలుతుంది. నా అమ్మకంలో సగం నర్సులదే. వాళ్ళు బట్ట కోసం వస్తున్నారా, నా ఇంగ్లీషు కోసం వస్తున్నారా అన్నది ఎన్నడూ విడదీసి చూడలేదు. ఇప్పుడు చూడాలంటే భయమేసింది. ఆ దేశం రూల్సు వేరమ్మా, డబ్బు రాదు, అనేస్తే సరిపోతుంది. అందులో అబద్ధం లేదు. ఫ్లోరా నమ్ముతుంది. ఐదేళ్ళుగా నమ్ముతూనే ఉంది.

ఇంటికి వెళ్ళి మా ఆవిడ సుభాషిణికి చెప్పాను. చపాతీ పిండి కలుపుతూ వింది.

"మీరు చెప్పకపోతే భీమేశ్వరరావు చెప్తాడు," అంది.

"అతనికి తెలియదు, రాసింది నేనని."

"బంగారు కడియం వెయ్యాలన్నప్పుడు మీ మొహం చూసి ఉంటాడుగా. తెలిసే ఉంటుంది." పిండి పక్కకు పెట్టి చేయి కడుక్కుంది. "ధర్మయ్య, ధర్మయ్య అని ఇరవైసార్లు చెప్పారు నాకు. అతనికి నష్టం చేసింది మిల్లు. ఈ పిల్లకి చేసింది ఎవరు?"

ఆదివారం చర్చి వదిలే వేళ చూసుకుని వాళ్ళ అద్దెగదికి వెళ్ళాను. తలుపు కెరెన్ తీసింది. పద్నాలుగేళ్ళ పిల్ల, తల్లికన్నా పొడుగు.

"మమ్మీ లేటీ హై, అంకుల్," అంది. నేను తెలుగులో కులాసాయేనా అన్నాను. "ఠీక్ హూఁ," అంది.

ఫ్లోరా నేలమీద పరిచిన బొంతమీద పడుకుని ఉంది. మెత్తటి పరుపు పడదట. లేవబోతుంటే వద్దన్నాను. సిలాసు కుర్చీ లాగాడు. నేను మొత్తం చెప్పేశాను. ఏడాది చాలన్న సంగతి, తీసేస్తే ఇచ్చేవాళ్ళన్న సంగతి, నా పదకొండు వాక్యాల సంగతి. సరుకు చెడిందని చెప్పేటప్పుడు ఎంత చెడిందో ఒకేసారి చెప్పాలి. కొంచెం కొంచెంగా చెబితే వినేవాడికి కోపం ప్రతిసారీ కొత్తగా వస్తుంది.

సిలాసు చేతులు కట్టుకుని విన్నాడు.

"శెట్టిగారూ," అన్నాడు. "మీ కొట్లో మీటరుకి అంగుళం తగ్గిందంటే మాట్లాడకుండా వెనక్కి తీసుకుంటారు గదా. ఇక్కడ రెండేళ్ళు తగ్గినయ్యి. ఏం వెనక్కి తీసుకుంటారు?"

ఫ్లోరా పైకప్పు చూస్తూ అంది.

"రెండేళ్ళా అన్నయ్యగారూ? ఆ రెండేళ్ళలోనే ఇది పెద్దమనిషయ్యింది. నాకు ఫోన్లో చెప్పింది. హిందీలో చెప్పింది. నాకు సగమే అర్థమైంది, మళ్ళీ చెప్పమ్మా అంటే సిగ్గుపడి పెట్టేసింది."

"మమ్మీ!" అంది కెరెన్. లేచి వంటగట్టు వైపు తిరిగి నిలబడింది.

ఫ్లోరా గొంతులో కోపం లేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి, అది కూడా ఆ హైఫా ఇంట్లోనే ఖర్చయిపోయినట్టుంది. కోపగించుకుని ఉంటే నాకు బేరం ఆడటానికి ఏదో ఒకటి దొరికేది.

మిగిలిన దారులు రెండూ చెప్పాను. ఒకటి, నోరు మూసుకుని ఏప్రిల్లో టెల్ అవీవ్. రెండు, నడుము పోయిందని డాక్టరు చేత రాయించి, నా దగ్గరున్న పాత ఉత్తరం జతచేసి, ఆ రాజీనామా మాటలు నావని నేను ప్రమాణపత్రం రాసిచ్చి, కొడుక్కి పంపడం. డబ్బు వస్తే వస్తుంది. రాకపోతే రెండూ పోయినట్టే, ఆ కాగితం బయటికొచ్చాక ఏ ఏజెంటూ తీసుకోడు.

సిలాసు లేచి బొంత కిందనుంచి ఒక పెద్ద ఖాకీ కవరు లాగాడు. ఎక్స్‌రే ఫిల్ము. కిటికీకి పట్టి చూపించాడు.

"వచ్చిన వారంలోనే మా ఆసుపత్రిలో తీశానండి. ఇదిగో, ఈ రెండు పూసల మధ్య సందు లేదు చూడండి. ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని బొంత కింద పెట్టుకుంది. దానిమీదే పడుకుంటంది." ఫ్లోరా వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు. ఏప్రిల్లో పోతావా? ఆరొందల డాలర్లు. ఆర్నెల్లలో కిస్తీ అప్పు తీరిపోద్ది."

"నన్ను పొమ్మంటన్నావా?"

"పొమ్మనట్లా. పోవద్దని చెప్పే మొహం నాకు లేదు. నా జీతం మూడు వేలు."

కెరెన్ స్టవ్ మీద టీ పెట్టింది. టీ పొంగి స్టవ్ ఆరితే మళ్ళీ వెలిగించింది. అప్పుడు ఫ్లోరా మోచేతిమీద లేచి, గోడ పట్టుకుని, ఒక్కో భాగం విడివిడిగా లేపినట్టు నిలబడింది.

"సంతకం పెడతానన్నయ్యగారూ," అంది. "డాక్టరు చేత రాయిద్దాం. డబ్బు వస్తుందని కాదు. ఈ కాగితం లేకపోతే మార్చి వచ్చేసరికి నేనే బయల్దేరతాను. నా సంగతి నాకు తెలుసు. ఒకరు ఫీజంటారు, ఒకరు కిస్తీ అంటారు, నేను పెట్టె సర్దుకుంటాను. నడుం పోయిందని రాతలో ఉంటే ఇంక నన్నెవరూ అడగరు. నన్ను నేను కూడా అడగను."

"మరి కిస్తీ?" అన్నాడు సిలాసు.

"నేను కడతాను," అన్నాను. ఆ మాట ముందుగా అనుకుని వెళ్ళింది కాదు. నోట్లోంచి వచ్చాక దానికి షరతులు కట్టాను. "వడ్డీ లేదు. ఆ కొడుకు దగ్గర్నుంచి ఎంత వస్తే అంత నాది. ఏమీ రాకపోతే నా నష్టం. మిమ్మల్ని అడగను."

సిలాసు మొదటిసారి నవ్వాడు. "అంటే శెట్టిగారు మా నడుము టోకున కొంటన్నారు."

"ఎక్కువొస్తే?" అంది ఫ్లోరా.

"కిస్తీ కంటే ఎక్కువొస్తే ఆ ఎక్కువ నీది."

"అయితే సరే," అంది. నర్సింగ్ హోమ్‌లో ఉన్న రోజుల్లో చీర బట్టకు బేరమాడినట్టే అంది. అప్పుడు కెరెన్ నా చేతికి టీ ఇచ్చింది.

ఘాజియాబాద్ కోర్టు బయట పది రూపాయల స్టాంపు కాగితం మీద ప్రమాణపత్రం టైపు చేయించాను. ఫలానా రాజీనామాలోని మాటలు నావి, ఆమెవి కావు. ఆమెకు నడుము నొప్పి ఉందని తొంభై ఆరు అక్టోబరులోనే నాకు తెలుసు. యజమానికి చెప్పవద్దని, ఉండిపొమ్మని నేనే సలహా ఇచ్చాను. నాకు ఆ దేశపు నియమాలు తెలియవు. టైపిస్టు మధ్యలో ఆగి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "సేఠ్‌జీ, అప్నే హీ ఖిలాఫ్ లిఖ్వా రహే హో?" అన్నాడు. నామీద నేనే రాయించుకుంటున్నానని అతనికి అనుమానం. ఔనన్నాను. నాలుగు రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు.

ఎక్స్‌రే నకలు, ఎముకల డాక్టరు సర్టిఫికెట్టు, ఫ్లోరా పాత ఉత్తరం, దానికి ఇంగ్లీషు అనువాదం, ప్రమాణపత్రం కలిపి రిజిస్టర్డు పోస్టులో వేశాను. ఉత్తరం ఈసారి నేను రాయలేదు. ఫ్లోరా చెప్పింది, కెరెన్ తన స్కూలు ఇంగ్లీషులో రాసింది. అందులో దయచేసి అనే మాట ఒక్కసారే వచ్చింది.

ఫిబ్రవరి పోయింది, మార్చి సగం పోయింది, జవాబు లేదు. గోడౌన్‌లో ఉన్న దుప్పట్ల బట్ట నాలుగు బేళ్ళు మీరట్ వ్యాపారికి కొన్నధర మీద రూపాయి తక్కువకు ఇచ్చేసి, మార్చి ఇరవై తొమ్మిదిన కిస్తీ కట్టాను. రసీదు ఫ్లోరా పేర తీసుకున్నాను. ఈలోపు సంగతి నర్సులందరికీ తెలిసింది. భీమేశ్వరరావు ఫోన్ చేసి, "కడియం సైజెంతండీ?" అని పెట్టేశాడు. అర్జీలు రాయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. బట్ట అమ్మకం మాత్రం తగ్గలేదు. మీటరుకు రెండు రూపాయలు తక్కువకు ఇస్తున్నాను కదా, అందుకే వచ్చేవాళ్ళు అన్నమాట. నా ఇంగ్లీషు కోసం కాదని పదేళ్ళకు తేలింది.

జూన్‌లో జవాబు కొట్టు చిరునామాకే వచ్చింది. తెరవకుండా వైశాలి తీసుకువెళ్ళాను. కొత్త ఫ్లాటు రెండో అంతస్తు. అంత ఎండలోనూ ఇంకా సున్నం తడివాసన పోలేదు. ఫ్లోరా చెక్కబల్ల మీద పడుకుని ఉంది. కెరెన్ కిటికీ ఊచలకు పాత చీర కడుతోంది, సిలాసు డ్యూటీలో ఉన్నాడు.

కవరులో డ్రాఫ్టు ఉంది. ముందు అదే చూశాను, అబద్ధం చెప్పను. నెలకు ఐదువందల నలభై చొప్పున ఐదేళ్ళ రెండు నెలలకు రెండువేల ఏడువందల తొంభై డాలర్లు. అందులో విమానం టికెట్టు నాలుగువందల ముప్పై మినహాయించాడు. మిగిలింది రెండువేల మూడువందల అరవై. ఆ రోజు డాలరు నలభై మూడు. లక్షా వెయ్యిన్నీ నాలుగువందల ఎనభై. కట్టిన కిస్తీలోంచి తీసేస్తే నా ఉత్తరం ఖర్చు పదివేల ఐదువందల ఇరవై రూపాయలు, బేళ్ళమీద పోయింది కాక.

"వచ్చిందా?" అంది ఫ్లోరా.

"వచ్చింది. పదివేల చిల్లర తక్కువ. అది నాది."

"మంచిదయ్యింది అన్నయ్యగారూ," అంది, వేరేవాళ్ళ ఇంటి శుభవార్త విన్నట్టు. "ఉత్తరంలో ఏం రాశాడు?"

చదివి తెలుగులో చెప్పాను. పాత ఉత్తరం తారీఖు చూసి లాయరు ఇవ్వాల్సిందే అన్నాడట. కోర్టుదాకా పోకుండా ఇస్తున్నాడు. నీకు నడుము నొప్పి అని ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదు, మేమంత చెడ్డవాళ్ళమా అని రాశాడు. నీ కాగితాలు చూశాక కొత్తగా వచ్చిన అమ్మాయి కోసం ఎత్తే యంత్రం ఒకటి కొన్నాం. మీట నొక్కితే అదే లేపి, అదే కుర్చీలో దింపుతుంది. అమ్మకు మొదట్లో భయమేసింది, ఇప్పుడు అలవాటైంది. ఇప్పటికీ పొద్దున్నే లేవగానే ఫ్లోరా ఏది అని అడుగుతుంది.

ఫ్లోరా అడిగింది.

"ఆ యంత్రం ఖరీదెంతో రాశాడా?"

రాశాడు. పన్నెండువందల డాలర్లు. ఆయన పంపిన డబ్బులో సగం. చెప్పాను.

"మూడో ఏట నేను అడిగుంటే కొనేవాడా?"

కొనేవాడనడానికి ఆధారం లేదు. కొనడనడానికీ లేదు. మూడో ఏట ఆవిడ అడగకుండా చేసినవాణ్ణి నేను. కెరెన్ చీర కట్టడం ఆపి నా వైపు చూస్తోంది.

"తెలియదమ్మా," అన్నాను.

ఫ్లోరా చేత్తో బల్ల అంచు పట్టుకుని కాస్త పక్కకు ఒత్తిగిలింది. ఆ కాస్తకే కళ్ళు మూసుకుంది.

"రిబ్కమ్మ పొద్దున్నే అడుగుతుందన్నాడే, ఆ ముక్క ఇంకోసారి చదవండి," అంది.

డ్రాఫ్టు జేబులో పెట్టుకుని, కాగితం కిటికీ వెలుగులోకి పట్టుకుని, ఆ ముక్క ఇంకోసారి చదివాను.